అంగిలి, కొండనాలుక, దంతమూలం: దంతవైద్య విద్యలో తల–మెడ శరీరనిర్మాణ పరిభాష – ఉత్తరాంధ్ర నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

దంతవైద్య విద్యార్థి మొదటి సంవత్సరంలో అభ్యసించే తల–మెడ శరీరనిర్మాణ శాస్త్రం ఆంగ్లంలో ఉంటుంది. అతడు పాఠశాలలో చదివిన తెలుగు శాస్త్రపదాలు సంస్కృతమయాలు. అతని ముందు కూర్చునే రోగి పలికే మాటలు ఈ రెండింటికీ చెందవు. ఈ మూడు భాషల మధ్య ఏర్పడిన ఎడాన్ని కొన్ని కీలక పదాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. తెలుగులో శరీరభాగాలకు పదాలు లేకపోవడం అసలు సమస్య కాదని, ఉన్న పదాలకు చోటు నిర్ణయించకపోవడమే సమస్య అని వ్యాసం ప్రతిపాదిస్తుంది. శ్రీకాకుళం ప్రాంతపు అడ్డపొగ అలవాటు, దానివల్ల అంగిలికి కలిగే హాని నేపథ్యంలో ఈ ప్రతిపాదనకున్న ప్రయోజనాన్ని వివరిస్తుంది.

కీలక పదాలు: పరిభాష, మాండలికం, అంగిలి, కొండనాలుక, దంతమూలం, అడ్డపొగ, గిడుగు రామమూర్తి, ఉత్తరాంధ్ర.

1. ఉపోద్ఘాతం

పారిభాషిక పదాలపై తెలుగులో జరిగిన చర్చ ఎక్కువగా పాఠ్యపుస్తకం చుట్టూ తిరిగింది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తరువాత ఉన్నత విద్యకు అవసరమైన పదకోశాలు, పాఠ్యగ్రంథాలు వెలువడ్డాయి. సంస్కృత పదం మేలా, ఆంగ్లపదాన్ని అలాగే ఉంచడం మేలా, తెలుగు మాటలతో కొత్త పదం కట్టడం మేలా అన్న వాదం ఆ గ్రంథాల ముందుమాటల్లోనూ సమీక్షల్లోనూ కొనసాగింది. ఈ వాదంలో పదాన్ని చదివేవాడు ఉన్నాడు, రాసేవాడు ఉన్నాడు. ఆ పదం ఎవరి శరీరాన్ని గురించి చెబుతుందో ఆ మనిషి మాత్రం అరుదుగా కనిపిస్తాడు.

దంతవైద్యం ఈ లోటును స్పష్టంగా చూపే రంగం. దంతవైద్యుడు పనిచేసే చోటు మాట పుట్టే చోటు కూడా. పెదవి, పన్ను, నాలుక, అంగిలి, గొంతు ఇవన్నీ అతనికి చికిత్సాస్థానాలు, తెలుగు వ్యాకర్తకు వర్ణోత్పత్తి స్థానాలు. పాణినీయ శిక్ష పేర్కొన్న ఎనిమిది స్థానాలు ఉరస్సు, కంఠం, శిరస్సు, జిహ్వామూలం, దంతాలు, నాసిక, ఓష్ఠాలు, తాలువు. వీటిలో ఉరస్సు తప్ప మిగిలిన ఏడూ తల–మెడ భాగానికి చెందినవే. అందువల్ల తల–మెడ నిర్మాణ పరిభాషను పరీక్షించడం తెలుగు శాఖకు పరాయి పని కాదు. తెలుగు విద్యార్థి కంఠ్య, తాలవ్య, మూర్ధన్య, దంత్య, ఓష్ఠ్యాలను నేర్చుకున్నప్పుడే ఈ శాస్త్రంలోకి ఒక అడుగు వేశాడు.

2. జత్రువుకు పైన

తల, మెడలను కలిపి ఒక విభాగంగా చూడడం ఆధునిక వైద్యవిద్యతో మొదలైన పద్ధతి కాదు. ఆయుర్వేదం ఈ భాగాన్ని ఊర్ధ్వజత్రుగతం అంటుంది. జత్రువు అంటే మెడ కింద అడ్డంగా ఉండే ఎముక. దానికి పైనున్న అవయవాల వ్యాధులు శాలాక్య తంత్రానికి చెందుతాయి. సుశ్రుతసంహిత చెప్పిన 107 మర్మాలలో 37 ఈ భాగంలోనే ఉన్నాయి. ముఖరోగాలు 65 అని, అవి ఏడు స్థానాలలో పుడతాయని సుశ్రుతుడు విభజించాడు. ఆ స్థానాలు పెదవులు, దంతమూలాలు, దంతాలు, నాలుక, తాలువు, కంఠం, మొత్తం నోరు.

ఈ విభజనలో నేటి పరిభాషా నిర్మాత గమనించవలసిన సూత్రం ఒకటి ఉంది. సుశ్రుతుడు రోగాన్ని ముందు చోటుతో గుర్తించి, తరువాత పేరు పెట్టాడు. శరీరనిర్మాణ పదం చేయవలసిన మొదటి పని చోటును చూపడం. పదం సంస్కృతమా, తెలుగా, ఆంగ్లమా అన్న ప్రశ్న ఆ తరువాతిది. తెలుగులో ప్రచారంలో ఉన్న పదాలను ఈ కొలతతో కొలిస్తే ఫలితం ఆశ్చర్యం కలిగిస్తుంది. కొన్ని సంస్కృత పదాలు చోటును చెదరగొట్టాయి. కొన్ని వాడుక మాటలు చోటును చక్కగా పట్టుకున్నాయి. దీనికి విరుద్ధమైన ఉదాహరణలూ ఉన్నాయి.

3. దంతమూలం: ఒకే మాట, మూడు చోట్లు

‘దంతమూలం’ అన్న పదాన్ని తీసుకుందాం. సుశ్రుతుడు దంతమూలగత రోగాలు అన్నప్పుడు ఉద్దేశించినవి ప్రధానంగా చిగుళ్ళ వ్యాధులు. భాషాశాస్త్రంలో దంతమూలీయ ధ్వనులు అన్నప్పుడు అది పైపళ్ళ వెనుక నాలుక కొన తగిలే గట్టు. పంటికి కిరీటం, గ్రీవం, మూలం అని మూడు భాగాలు చెప్పే జీవశాస్త్ర పాఠంలో అదే మాట ఎముకలో దిగి ఉన్న పంటివేరు అవుతుంది. చిగురు మెత్తని కణజాలం, గట్టు ఎముకతో ఏర్పడినది, వేరు పంటిలో భాగం. ఈ మూడింటికీ వచ్చే జబ్బులు వేరు, చేసే చికిత్సలు వేరు.

చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడింది. తెలుగులో చ, జలకు దంత్య, తాలవ్య భేదాన్ని చెప్పే సంప్రదాయాన్ని ఆ గ్రంథం విద్యార్థులకు స్థిరపరిచింది. ‘చలి’లోని చకారాన్ని దంత్యమని, ‘చిలుక’లోని చకారాన్ని తాలవ్యమని విద్యార్థి నేర్చుకుంటాడు. వ్యాకరణం దంత్యమన్న ఈ ధ్వనిని పలికేటప్పుడు నాలుక పన్ను మీదకంటే పంటి వెనుక గట్టు మీద ఎక్కువగా ఆనుతుంది. వ్యాకరణానికి ఆ తేడా పెద్దది కాకపోవచ్చు. ముందుపళ్ళు కోల్పోయినవారికి కట్టుడుపళ్ళు అమర్చే వైద్యుడికి మాత్రం అది చాలా పెద్దది. పంటి వెనుక అమర్చిన పలక మందం పెరిగితే చ, జ, స ధ్వనులు మారిపోతాయి. రోగి ‘మాట తేడాగా వస్తోంది’ అన్నప్పుడు ఏ ధ్వని ఎక్కడ పుడుతుందో తెలిసిన వైద్యుడు పలకను ఎక్కడ పలచన చేయాలో గ్రహించగలడు.

ఇంత అవసరమైన చోట ఒకే పదం మూడు అర్థాలలో ఉండడం పరిభాషకు దోషమే. దీనికి పరిష్కారం కష్టమైనది కాదు. చిగురు, పంటిగట్టు, పంటివేరు అన్న మూడు మాటలు తెలుగువాడికి వివరణ లేకుండానే అర్థమవుతాయి. చిగురుకు ఇగురు అన్న రూపాంతరమూ ఉంది. లేతకొమ్మనూ పంటి చుట్టూ ఉండే మెత్తని భాగాన్నీ ఒకే మాటతో పిలిచిన జనవ్యవహారంలో లేతదనం, ఎరుపు, మెత్తదనం అన్న పోలిక స్పష్టం. సందర్భం వేరు కనుక ఆ రెండర్థాలు ఒకదానితో ఒకటి ఎన్నడూ కలవవు. దంతమూలం విషయంలో మూడు అర్థాలూ ఒకే నోటిలో, ఒకే అంగుళం మేర ఉన్నాయి. సందర్భం అక్కడ రక్షణ ఇవ్వదు.

4. కొండనాలుక, ఉపజిహ్విక

‘కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది’ అన్న సామెత తెలియని తెలుగువారు ఉండరు. అయితే కొండనాలుక ఏదో వేలుపెట్టి చూపమంటే అందరూ ఒకే చోటు చూపరు. బ్రౌను నిఘంటువు (1852) మొదలుకొని ఈ మాటకు స్థిరమైన అర్థం అంగిలి వెనుక అంచున నోటిలోకి వేలాడే చిన్న కండ. సంస్కృతంలో దీన్ని అలిజిహ్వ అంటారు. నోరు తెరచి అద్దంలో చూసుకుంటే కనబడేది ఇదే.

ఉపజిహ్విక అన్న పదాన్ని పాఠ్యపుస్తకాలు ఎపిగ్లాటిస్‌కు వాడతాయి. ఇది నాలుక మొదలు వెనుక, స్వరపేటిక ద్వారం దగ్గర నిలిచే ఆకులాంటి మృదులాస్థి. మింగేటప్పుడు ఆహారం శ్వాసమార్గంలోకి పోకుండా కాపాడే ఏర్పాటులో దీనికి పాత్ర ఉంది. సాధారణంగా నోరు తెరిస్తే ఇది కనబడదు. సుశ్రుతసంహితలో ఉపజిహ్విక అన్నది అవయవం పేరు కాదు, నాలుకకు వచ్చే అయిదు రోగాలలో ఒకదాని పేరు. రోగనామాన్ని అవయవనామంగా మార్చడం పరిభాషా నిర్మాణంలో నిషిద్ధం కాదు. కాని ప్రాచీన గ్రంథాన్నీ ఆధునిక పాఠాన్నీ పక్కపక్కన చదివే ఆయుర్వేద విద్యార్థికి ఇది తికమక కలిగిస్తుంది.

అంతకంటే నష్టం కలిగించేది మరొకటి ఉంది. రెండు పేర్లలోనూ నాలుక ఉండడం వల్ల జనవివరణల్లో ఒకదాని పని మరొకదానికి అంటగట్టడం పరిపాటి అయింది. పొరమారినప్పుడు ‘కొండనాలుక మూసుకోలేదు’ అనడం ఇలాంటిదే. శ్వాసమార్గం పైన నిలిచేది ఒకటి, మింగేటప్పుడు ముక్కువైపు దారి మూసే మెత్తని అంగిలితో పాటు పైకి లేచేది మరొకటి. అచ్చులో స్థిరపడిన కొండనాలుకను దాని చోటనే ఉంచి, ఉపజిహ్వికకు పని తెలిపే వివరణను ప్రతిసారీ జోడించడం మేలు. ఈ ఉదాహరణలో జనపదం తప్పు లేదు. దాని పక్కన నిలబెట్టిన శాస్త్రపదం తన తేడాను తాను చెప్పలేకపోయింది.

5. వాడుక మాటల పరిమితి

వాడుక మాటలన్నీ శాస్త్రానికి సరిపోతాయని వాదించడం మరో పొరపాటు. ‘దవడ’ జనవ్యవహారంలో ఎముకనూ చెంపనూ రెండింటినీ సూచిస్తుంది. ‘దవడ వాచింది’ అన్న రోగి వాక్యంలో వాచినది చెంపలోని మెత్తని భాగం కావచ్చు, కింది ఎముక వెంబడి కావచ్చు, చెవి ముందున్న లాలాజల గ్రంథి కావచ్చు. ఈ మూడోదానికి జనభాషలో ‘గవద’ అన్న మాట ఉంది. గవదబిళ్ళలు అన్న రోగనామం అందరికీ తెలుసు. అందువల్ల దవడ, చెంప, గవద అన్న మూడు మాటలను విడివిడిగా అడిగే వైద్యుడికి జవాబు దొరుకుతుంది. ‘దవడేనా?’ అని ఒక్క మాటతో అడిగేవాడికి దొరకదు.

‘గొంతు’ కూడా అలాంటిదే. గొంతు నొప్పి, గొంతు బొంగురు, గొంతులో ముల్లు, గొంతు దాకా నీళ్ళు అన్న నాలుగు ప్రయోగాలలో నాలుగు చోట్లున్నాయి. ఉత్తరాంధ్రలో ‘పీక’ అన్న మాట మెడకూ గొంతుకూ విరివిగా వినబడుతుంది. కాల్చి పారేసిన చుట్టముక్కా పీకే. ‘బుర్ర’ తలకు పర్యాయపదం. ‘గెడ్డం’ అంటే ముఖం కింది కొనభాగమూ, అక్కడ పెరిగే వెంట్రుకలూ. ఇవన్నీ జీవమున్న మాటలు, కాని విస్తీర్ణం ఎక్కువ.

పళ్ళ విషయంలో జనభాష పరిమితి మరింత స్పష్టం. ముందుపళ్ళు, కోరపళ్ళు, దవడపళ్ళు అన్న మూడు పేర్లతో వాడుక ఆగిపోతుంది. శాస్త్రానికి నాలుగు కావాలి. పెద్దవారి 32 పళ్ళలో కుంతకాలు 8, రదనికలు 4, అగ్రచర్వణకాలు 8, చర్వణకాలు 12. పిల్లల పాలపళ్ళు 20. వాటిలో అగ్రచర్వణకాలు అసలు లేవు. పాలదవడపళ్ళు ఊడిన చోట వచ్చేవి అగ్రచర్వణకాలు. దాదాపు ఆరేళ్ళ వయసులో వచ్చే మొదటి చర్వణకం ఏ పాలపన్నూ ఊడకుండానే వెనుక కొత్తగా వస్తుంది. దాన్ని పాలపన్నుగా భావించి, పుచ్చినా ‘ఎలాగూ ఊడిపోయేదే’ అని వదిలేసే తల్లిదండ్రులు ఎందరో. ఇక్కడ అగ్రచర్వణకం, చర్వణకం అన్న భేదాన్ని జనభాష ఇవ్వలేదు. ఆ తేడాను చెప్పడానికి సంస్కృత పదమే ముందుకు వచ్చింది. దానికి ఆ గౌరవం దక్కాలి.

మరో మంచి సంస్కృత పదం ‘త్రిధార నాడి’. ముఖానికి స్పర్శనిచ్చే అయిదవ కపాలనాడికి లాటిన్‌లో ఉన్న పేరుకు ముగ్గురు కవలలన్న భావం ఉంది. తెలుగు పాఠ్యపుస్తకాల్లోని త్రిధార అన్న పేరు మూడు పాయలుగా చీలి పారే నీటిని గుర్తుకు తెస్తుంది. ఒక పాయ కంటి వైపు, ఒకటి పైదవడ వైపు, ఒకటి కిందిదవడ వైపు పోతుంది. నాడి ఎలా పంపిణీ అవుతుందో పదంలోనే ఉంది. దంతవైద్యుడు కింది దవడపన్ను తీయడానికి ముందు మూడవ పాయకు చెందిన కొమ్మకు మత్తు ఇస్తాడు. ఆ పక్క కింది పెదవి మొద్దుబారితే మత్తు పనిచేసిందని గ్రహిస్తాడు. ధార అన్న మాటతో ఈ వరుసను ఒకసారి వివరిస్తే విద్యార్థికి మరుపు రాదు. దీనికి భిన్నంగా ‘జిహ్వాగ్రసని నాడి’ ఆంగ్లపదంలోని ముక్కలను వరుసగా మార్చి పేర్చిన పదం. గ్రసని ఎక్కడుందో తెలియనివాడికి అది ఏ చోటునూ చూపదు.

6. నొప్పికి ఉన్న మాటలు

అవయవాల పేర్లలో జనభాష కొన్నిచోట్ల వెనుకబడినా, అనుభవాల పేర్లలో శాస్త్రభాషకంటే ముందుంది. చల్లనీళ్ళు తగలగానే పన్ను ‘జివ్వుమంది’ అంటారు. పులుపు తిన్న తరువాత ‘పళ్ళు పులిశాయి’ అంటారు. రాత్రంతా ‘సలిపింది’ అంటారు. ‘పోటు’ వేరు, ‘లాగడం’ వేరు, ‘గుంజడం’ వేరు. జివ్వుమనడం క్షణకాలం ఉండే పదునైన బాధ. పంటిపై పొర అరిగి లోపలి భాగం బయటపడినప్పుడు ఇది సాధారణం. సలుపు గుండె కొట్టుకున్నట్టు ఆగి ఆగి వచ్చే బాధ. పంటిలోపలి మెత్తని భాగం వాచినప్పుడో, చీము పట్టినప్పుడో ఇది ఎక్కువగా వినబడే మాట. రోగి వాడిన క్రియాపదమే నిర్ధారణకు మొదటి ఆధారం కాగలదు.

మొద్దుబారడం, తిమ్మిరి అన్న మాటల మధ్య తేడా కూడా ఇలాంటిదే. తిమ్మిరిలో సూదులు గుచ్చినట్టున్న స్పర్శ మిగిలి ఉంటుంది. మొద్దుబారినప్పుడు స్పర్శ మందగిస్తుంది లేదా పోతుంది. మత్తుసూది వేసిన తరువాత వైద్యుడు అడగవలసిన ప్రశ్న ఏదో ఈ తేడా చెబుతుంది. ‘నొప్పి’ అన్న ఒక్క మాటతో వీటన్నింటినీ మూటగట్టి ఆంగ్లంలో నమోదు చేస్తే, రోగి ఇచ్చిన సమాచారంలో సగం కాగితం మీదకు రాకుండానే పోతుంది.

7. అంగిలి, అడ్డపొగ

ఈ చర్చకు ఉత్తరాంధ్రలో ప్రత్యేకమైన బరువు ఎందుకు ఉందో చెప్పడానికి ఒక్క అవయవం చాలు. అది అంగిలి. దీనికి అంగుడు అన్న రూపమూ ఉంది. ముందుభాగం ఎముక మీద పరచిన పొరతో గట్టిగా ఉంటుంది. వెనుకభాగం ఎముక లేక మెత్తగా ఉంటుంది. దాని వెనుక అంచున కొండనాలుక.

శ్రీకాకుళం, దాని పొరుగు తీరప్రాంతాల్లో చుట్టను నిప్పున్న కొస నోటిలో పెట్టుకుని పీల్చే అలవాటు ఉంది. దీన్ని అడ్డపొగ అంటారు. స్త్రీలలో ఇది ఎక్కువ. 1945లో ఖనోల్కర్, సూర్యాబాయి ఈ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని వైద్యలోకం దృష్టికి తెచ్చారు. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి అంగిలిలో వచ్చే మార్పులపై ప్రచురించిన అధ్యయనం దంతవైద్య పరిశోధనలో ప్రసిద్ధమైనది. ప్రపంచంలో చాలాచోట్ల గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు. అడ్డపొగ ఉన్న ప్రాంతంలో ఆ మాట చెల్లదు. నిప్పు వేడి, పొగ రెండూ నేరుగా తగిలేది అక్కడే. అంగిలి పొర తెల్లగా మందమవుతుంది. చిన్న లాలాజల గ్రంథుల నోళ్ళు ఎర్రని చుక్కల్లా కనబడతాయి. కొన్నిచోట్ల రంగు నల్లబడుతుంది, కొన్నిచోట్ల రంగు పోతుంది, పుండు పడుతుంది. ఈ మార్పులు చాలావరకు మొదట నొప్పి కలిగించవు.

నొప్పి లేనిదానికి వైద్యుడి దగ్గరకు వెళ్ళడం అరుదు. వెళ్ళినా చెప్పే మాటను పట్టుకోగలగాలి. ఉదాహరణకు ఒక సందర్భాన్ని ఊహించవచ్చు. ఒక వృద్ధురాలు ‘కారం తింటే అంగుడు మంటెత్తిపోతంది బావూ’ అంటుంది. అంగుడు అన్న మాట తెలియని విద్యార్థి దాన్ని నోటిమంటగా రాసుకుంటాడు. అతని చూపు చెంపలోపలి వైపు, నాలుక మీదకు వెళుతుంది. అక్కడ ఏమీ కనబడదు. ఆమె చోటు చెప్పింది, అతడు చోటు వదిలేశాడు. ‘ఎక్కడమ్మా, పైన అంగుట్లోనా?’ అన్న ఒక్క ప్రశ్నతో ఆ పరీక్ష తలను వెనక్కి వంచి చూడడంగా మారిపోయేది. పాఠశాలలో ‘తాలువు’ అని, కళాశాలలో ‘పాలెట్’ అని చదివి, అంగిలి అన్న మాటను ఏ పుస్తకంలోనూ పరీక్షకోసం రాయని విద్యార్థిని దీనికి తప్పుపట్టలేం. తప్పు పరిభాషను కట్టిన పద్ధతిలో ఉంది.

సాహిత్య విమర్శకూ ఇందులో ఒక పాఠముంది. విజయనగరం నేలమీద పుట్టిన ‘కన్యాశుల్కం’లో గిరీశం చుట్ట విమర్శకులకు బాగా పరిచితం. అది మగవాడి విలాసం, వాక్చాతుర్యానికి తోడు. అదే ఉత్తరాంధ్రలో అడ్డపొగ పీల్చే శ్రమజీవి స్త్రీ చుట్టకు ప్రధానంగా చోటు దొరికింది వైద్యపత్రికల్లో. అక్కడ ఆమె సంఖ్యగా ఉంది, ఆమె అంగిలి ఛాయాచిత్రంగా ఉంది. ఆమె మాట మాత్రం అనువాదమై ఆంగ్లంలో మిగిలింది.

8. గిడుగు దారి, నారాయణదాసు దారి

ఈ సమస్యను ఎదుర్కోవడానికి ఇదే ప్రాంతం రెండు దారులు చూపింది. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) విజయనగరం కేంద్రంగా జీవించిన బహుభాషావేత్త. అచ్చ తెలుగుపై ఆయనకున్న పట్టుదల ప్రసిద్ధం. వైద్య విషయాన్ని అచ్చ తెలుగులో చెప్పే ప్రయత్నంగా ‘మన్కిమిన్కు’ రచించాడు. సంస్కృతం లేకుండా శాస్త్రం చెప్పలేమన్న నమ్మకాన్ని ఆ ప్రయత్నమే ప్రశ్నించింది. అయితే అచ్చ తెలుగు కావడం వేరు, వాడుకలో ఉండడం వేరు. ఎవరూ పలకని అచ్చ తెలుగు పదం ఎవరూ పలకని సంస్కృత పదమంత దూరంగానే ఉంటుంది. దేశ్యత్వం ఒక్కటే పరిభాషకు అర్హత కాజాలదు.

గిడుగు రామమూర్తి (1863–1940) శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పనిచేశాడు. సవరల భాష నేర్చుకోవడానికి పుస్తకం లేనందువల్ల మనుషుల దగ్గరకు వెళ్ళాడు. సవర భాషపై ఆయన కూర్చిన వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. కొండప్రాంతాల్లో మలేరియా బారినపడి, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి కోల్పోయాడు. మాటను వినడానికి వెళ్ళినవాడు ఆ వినడానికి మూల్యంగా చెవినే ఇచ్చాడు. వ్యావహారిక భాషోద్యమంలో ఆయన వాదాన్ని తరచు శైలికి సంబంధించినదిగానే చదువుతున్నారు. దాని మూలసూత్రం అంతకంటే విశాలమైనది. చదువుకున్న భాషా, బతికే భాషా వేరైతే చదువు బతుకుకు ఉపయోగపడదన్నది ఆ సూత్రం. దంతవైద్య కుర్చీ ముందు ఆ సూత్రం అక్షరాలా నిజమవుతుంది. సవర గూడేల నుంచి వచ్చే రోగికి తెలుగు కూడా రెండో భాషే అని గుర్తుంచుకుంటే, ఆయన చేసిన పని విలువ మరింత తెలుస్తుంది.

9. ప్రతిపాదనలు

పై పరిశీలన ఆంగ్లపదాలను తొలగించమని కోరదు. పరీక్షలు, పరిశోధన, ఇతర రాష్ట్రాల వైద్యులతో సంప్రదింపు ఆంగ్లపదాలతోనే జరుగుతాయి. వాటి పక్కన మరో రెండు వరుసలు ఉండాలన్నదే ప్రతిపాదన.

మొదటిది బోధనపదాల వరుస. ఇందులో ఒక పదం ఒకే చోటును చూపాలి. గట్టి అంగిలి, మెత్తని అంగిలి, కొండనాలుక, పంటిగట్టు, పంటివేరు, త్రిధార నాడి, అగ్రచర్వణకం వంటివి ఈ పరీక్షలో నెగ్గుతాయి. తెలుగు, సంస్కృతం పక్కపక్కనే ఉండవచ్చు. పుట్టుక కాదు, చోటు చూపే శక్తి కొలత.

రెండవది రోగిపదాల వరుస. ఇందులో ఒక చోటుకు ఎన్ని మాటలున్నా చేర్చాలి. అంగిలి, అంగుడు, చిగురు, ఇగురు, మెడ, పీక, కంఠం, తల, నెత్తి, బుర్ర. అవయవాల పేర్లతో పాటు జివ్వుమనడం, సలపడం, పులవడం, మొద్దుబారడం వంటి క్రియలూ ఇందులో ఉండాలి.

ఈ రెండవ వరుసను గదిలో కూర్చుని తయారుచేయడం సాధ్యం కాదు. దీనికి తెలుగులో మంచి నమూనా ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటం వ్యవసాయ పదాలను ఆ పనిచేసేవారి నోటినుంచి, ప్రాంతాలవారీగా సేకరించింది. తరువాత చేనేత పదాలకూ అదే పద్ధతి అనుసరించారు. నాగలి భాగాలకు జరిగిన పని నోటి భాగాలకు జరగలేదు. పలాస నుంచి భోగాపురం వరకు, సీతంపేట కొండల నుంచి కళింగపట్నం తీరం వరకు శరీరభాగాల పేర్లనూ బాధల పేర్లనూ వయసు, లింగ, వృత్తి భేదాలతో సేకరించడం తెలుగు శాఖ పరిశోధకుడు, దంతవైద్య కళాశాల అధ్యాపకుడు కలిసి చేయదగిన పని. ఒకరికి అడిగే పద్ధతి తెలుసు, మరొకరికి చూపే చోటు తెలుసు.

10. ముగింపు

తల–మెడ నిర్మాణ పరిభాషను పరిశీలించినప్పుడు మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, తెలుగులో ఈ భాగానికి పదసంపద తక్కువ కాదు. రెండు, దంతమూలం, ఉపజిహ్విక, దవడ, గొంతు వంటి పదాల దోషం వాటి జాతిలో లేదు, వాటికి సరిహద్దు గీయకపోవడంలో ఉంది. మూడు, పరిభాషను పాఠకుడి కోసం మాత్రమే కట్టినప్పుడు రోగి మాట బయటే ఉండిపోతుంది.

శ్రీకాకుళం పల్లెలో ఒక స్త్రీ తన అంగుడు తెల్లబడిందని చెప్పినప్పుడు, ఆ మాట విన్న యువవైద్యుడు వెంటనే దీపం అటు తిప్పగలిగితే పరిభాష తన పని చేసినట్టు. అలా తిప్పడానికి అవసరమైన మాట ఆమె దగ్గర ఎప్పటినుంచో ఉంది. దాన్ని అతని పుస్తకంలోకి చేర్చడం మిగిలి ఉంది.